ఎనిమిది గంటల ‘హాబిట్’: ఏ మజిలీలో ఆగాలి, ఏది దాటెయ్యాలి

సంక్రాంతి మూడు రోజులూ కోనసీమలో ఇల్లు నిండా మనుషులే. కనుమ నాడు భోజనాలయ్యాక పెద్దవాళ్ళు తలో మంచం చూసుకుంటారు, ఊళ్ళోకి పోయేవాళ్ళు పోతారు. హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ వచ్చిన పిల్లలు మాత్రం టీవీ చుట్టూ చేరి రిమోట్ కోసం కొట్టుకుంటూ ఉంటారు. వాళ్ళలో ఎవరో ఒకరు ‘హాబిట్’ పేరెత్తుతారు. డ్రాగన్ ఉంది, మాంత్రికుడున్నాడు, యుద్ధాలున్నాయి, అందరికీ సరే. ‘ఎంతసేపు?’ అని వంటింట్లోంచి ఒక గొంతు అడుగుతుంది. మూడు భాగాలూ కలిపితే ఎనిమిది గంటలని తెలిసేసరికి గదిలో సగం మంది లేచి వెళ్ళిపోతారు.

వంటింట్లోంచి వచ్చిన ప్రశ్నే సరైన ప్రశ్న. ఈ సినిమా మంచిదా కాదా అని తేల్చడం కష్టం, ఎందుకంటే ఇది రెండూ. చాలా మంచి ఘట్టాలూ, చాలా విసిగించే గంటలూ ఒకే సినిమాలో పక్కపక్కనే ఉన్నాయి. చూడాలా వద్దా అని కాకుండా, ఆ ఎనిమిది గంటల్లో ఏ గంటలు చూడాలి అని అడిగితే జవాబు తేలిగ్గా దొరుకుతుంది.

ముందు లెక్క చూద్దాం. జె.ఆర్.ఆర్. టోల్కీన్ రాసిన ‘హాబిట్’ నవల 1937 సెప్టెంబరులో వచ్చింది. పిల్లల పుస్తకం, 19 అధ్యాయాలు, సుమారు 300 పేజీలు. దానికి పీటర్ జాక్సన్ తీసిన మూడు భాగాలు 2012, 2013, 2014 డిసెంబర్లలో వచ్చాయి. థియేటర్ నిడివి 169, 161, 144 నిమిషాలు, మొత్తం 474. ఇదే రచయిత తర్వాత రాసిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ దీనికి దాదాపు ఐదు రెట్ల పెద్ద పుస్తకం. దాన్ని ఇదే దర్శకుడు 2001 నుంచి 2003 దాకా మూడు భాగాలుగా 558 నిమిషాల్లో తీశాడు. ఐదు బస్తాల ధాన్యానికి ఎంత గోదాం కట్టాడో, ఒక్క బస్తాకీ ఇంచుమించు అంతే కట్టాడన్నమాట. మిగతా చోటును ఏదో ఒకదానితో నింపాలి కదా.

టీవీ సీరియల్‌ని జీడిపాకంలా సాగదీశారని మనవాళ్ళు విసుక్కుంటారు. ‘హాబిట్’ మీద కూడా అదే మాట పడింది. అయితే అది పూర్తిగా సరైన మాట కాదు. జీడిపాకం నెమ్మదిగా సాగుతుంది. ఈ సినిమా జబ్బు వేరు. ఇది ఎక్కడా నిలబడదు, పరుగెడుతూనే ఉంటుంది. ఎనిమిది గంటలు పరుగెత్తేదాన్ని చూస్తే కలిగే అలసటకే సాగదీత అని పేరు పెట్టుకున్నాం.

ఇది అర్థం కావాలంటే ‘హాబిట్’ నవల ఎలాంటి కథో చూడాలి. డెల్టా మొదలయ్యే చోట, రాజమండ్రిలో ఉండి మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ‘కాశీ మజిలీ కథలు’ తెలిసినవాళ్ళకు ఆ నవల స్వభావం చప్పున పట్టుబడుతుంది. మణిసిద్ధుడనే యతి కాశీకి నడిచి వెళ్తూ తోడుగా ఒక పశువుల కాపరి కుర్రాణ్ని తీసుకెళ్తాడు. దారిలో కుర్రాడు ఏదో వింత చూస్తాడు, అదేమిటని అడుగుతాడు. మజిలీలో దిగి, వంట చేసుకుని, భోజనం ముగించాక యతి ఆ వింత వెనకున్న కథ చెబుతాడు. మర్నాడు మళ్ళీ నడక. పన్నెండు సంపుటాలు ఇలాగే నడుస్తాయి. నడకలో వింత, మజిలీలో కథ. కాళ్ళు ఆగినప్పుడే కథ కదులుతుంది.

టోల్కీన్ పుస్తకం కూడా ఇదే పద్ధతి. దాని పూర్తి పేరులోనే ‘వెళ్ళడం, తిరిగి రావడం’ అన్న అర్థం ఉంది. బిల్బో బ్యాగిన్స్ అనే హాబిట్, అంటే మనలో సగం ఎత్తుండే, కాళ్ళ మీద బొచ్చుండే, పూటకు రెండుసార్లు తినాలనుకునే గృహస్థు, గాండాల్ఫ్ అనే మాంత్రికుడి మాట మీద 13 మంది మరుగుజ్జులతో కలిసి బయలుదేరతాడు. వాళ్ళ పూర్వీకుల కొండనీ బంగారాన్నీ ఒక డ్రాగన్ ఆక్రమించుకుంది, దాన్ని తిరిగి తెచ్చుకోవాలి. అధ్యాయానికో మజిలీ. ఒకచోట రాక్షసులు, ఒకచోట ఎల్ఫులనే చావులేని జాతివాళ్ళ ఇల్లు, ఒకచోట ఎలుగుబంటిగా మారే మనిషి, ఒకచోట సాలీళ్ళు, ఒకచోట నీళ్ళ మీద ఊరు. ప్రతి చోటా ఒక ఇల్లో, ఒక గుహో, ఎవరో ఒకరు మాట్లాడటానికి ఉంటారు. ఎక్కువసార్లు తినడానికీ ఏదో ఒకటి ఉంటుంది, ఒక్కోసారి ఆ తినేది వీళ్ళనే కావచ్చు.

సినిమా ఎక్కడెక్కడ మజిలీలో ఆగిందో అక్కడ బాగుంది. ఆగకుండా దౌడు తీసిన చోట బాగోలేదు. మూడు భాగాల్లోనూ ఈ కొలత ఒక్కసారి కూడా తప్పలేదు.

మొదటి మజిలీ బిల్బో ఇల్లే. రాత్రి భోజనానికి వేయించిన చేప పళ్ళెంలో పెట్టుకుని కూర్చుంటాడు. తలుపు చప్పుడవుతుంది. ముక్కూమొహం తెలియని ఒక మోటు మనిషి లోపలికొచ్చి, ఆ పళ్ళెం ముందు కూర్చుని, ఆ చేప మొత్తం లాగించేస్తాడు. ఎదురుగా బల్ల మీద కూర్చుని చూస్తున్న బిల్బో ముఖంలో కోపం, భయం, వీటన్నిటి మీదా మర్యాద. ఇంకా ఉందా అని వచ్చినవాడు అడుగుతాడు. పులస ముక్క మీద పరాయివాడు ఇలా చెయ్యేస్తే మన దగ్గర ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ఇంతలో ఇంకొకడు, తర్వాత ఇద్దరు, తర్వాత గుమ్మంలో ఒకరి మీద ఒకరు పడుతూ ఇంకో గుంపు. చెప్పాపెట్టకుండా దిగిన పెళ్ళివారిలా సామాన్ల గది ఖాళీ చేసేస్తారు. ఇంటివాడు మాత్రం ‘ఎవరండీ మీరు’ అని గట్టిగా అడగలేడు. మార్టిన్ ఫ్రీమన్ ఈ పాత్రకు దొరకడం ఈ మూడు సినిమాలకూ పట్టిన అదృష్టం. వచ్చినవాళ్ళకు లేదనలేని, ఉందని మనస్ఫూర్తిగా అనలేని గృహస్థుల్ని గోదావరి జిల్లాల్లో ప్రతి వీధిలోనూ చూడొచ్చు. తర్వాత పొయ్యి ముందు కూర్చుని మరుగుజ్జులు పోగొట్టుకున్న కొండ గురించి లోతైన గొంతుల్లో మొదలుపెట్టి పాడతారు. ఈ ఘట్టం నిదానంగానే నడుస్తుంది. విసుగు మాత్రం పుట్టదు.

రెండోది చీకటి గుహలో పొడుపు కథల పోటీ. కొండ లోపల దారి తప్పిన బిల్బోకి గొల్లమ్ అనే ప్రాణి ఎదురవుతుంది. పోటీలో బిల్బో గెలిస్తే దారి చూపించాలి, ఓడితే గొల్లమ్‌కు ఆహారం కావాలి. చిన్నప్పుడు అరుగు మీద ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు’ అని అడిగి, కనురెప్పలు అని ఎదుటివాడు చెప్పేలోపు పది దాకా లెక్కపెట్టినవాళ్ళకు ఈ ఆటలో ఉన్న టెన్షన్ విడమరిచి చెప్పక్కర్లేదు. తేడా అల్లా ఇక్కడ ఓడిపోతే పీక పోతుంది. పళ్ళు, గాలి, గుడ్డు, కాలం లాంటి జవాబులకు అల్లిన ఈ పొడుపు కథలన్నీ ఏ భాషలో అడిగినా నిలబడేవే. గుడ్డుకు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ పోలికలు దగ్గర దగ్గరగానే ఉంటాయి. మూతా తాళమూ లేని పెట్టె, లోపల బంగారం.

మొత్తం చిత్రీకరణ ఈ ఘట్టంతోనే మొదలైంది. ఇద్దరు నటులు, ఫ్రీమన్‌తో పాటు గొల్లమ్‌గా ఆండీ సెర్కిస్, దీన్ని రంగస్థలం మీద నాటకంలా పెద్ద పెద్ద ముక్కలుగా ఆడారు. ఆ పట్టు తెర మీద కనిపిస్తుంది. కత్తి పైకి లేచి కూడా దిగని ఒక్క క్షణం చివర్లో ఉంది. మూడు సినిమాల్లో నరికిన వందల తలల కన్నా నరకని ఆ ఒక్క తల ఎక్కువ గుర్తుంటుంది.

ఇక పరుగుల సంగతి. రెండో భాగంలో ఎల్ఫుల చెర నుంచి మరుగుజ్జులు ఖాళీ పీపాల్లో నదిలోకి జారి తప్పించుకుంటారు. నవలలో బిల్బో వాళ్ళను ఒక్కొక్కరినీ పీపాలో కూరి, గడ్డి కుక్కి, మూత బిగిస్తాడు. తను మాత్రం ఏ పీపా దొరక్క పైన పట్టుకుని వేలాడతాడు, అదీ రాత్రంతా. ఊరి దగ్గర మూతలు తీసేసరికి మరుగుజ్జులు ఒళ్ళు హూనమై, ఆకలితో, నిలబడలేని స్థితిలో ఉంటారు. బిల్బోకి పట్టిన జలుబు మూడు రోజులు వదలదు. ఊరివాళ్ళు విందు చేస్తే, ముక్కు దిబ్బడతో ‘థ్యాంక్స్’ అన్న ముక్క కూడా సరిగ్గా పలకలేడు. మిరియాల చారు పోసేవాళ్ళు లేరు పాపం.

సినిమాలో పీపాలకు మూతలు లేవు. గట్టు వెంట ఓర్క్‌లనే రాక్షస మూక తరుముతుంటే, ఎల్ఫులు మరుగుజ్జుల తలల మీద కాళ్ళు పెట్టి గెంతుతూ బాణాలు వేస్తుంటే, నీళ్ళు సుడులు తిరుగుతుంటే పీపాల్లోవాళ్ళు ఒకరికొకరు గొడ్డళ్ళు విసురుకుంటారు. ఒక పీపా గట్టెక్కి ఓర్క్‌లను దొర్లించుకుంటూ పోయి మళ్ళీ నదిలోకొస్తుంది. చూస్తున్నంతసేపూ నవ్వొస్తుంది, అది నిజమే. ధవళేశ్వరం దగ్గర గేట్లెత్తినప్పుడు గోదావరిని చూసినవాళ్ళకూ, వరద రోజుల్లో లంక ఊళ్ళకు నాటు పడవలో దాటినవాళ్ళకూ మాత్రం ఈ నది నమ్మకం కలిగించదు. ఏరు ఎవరినీ ముంచనప్పుడు, చలి ఎవరికీ పుట్టనప్పుడు ఎవరి కోసం భయపడాలి? మొదటి భాగంలో గుహల్లో వంతెనతో సహా లోయలోకి పడి కూడా ఒక్కడికీ చెయ్యి విరగదు. ఒకటి రెండుసార్లు ఇలా జరిగాక పిల్లలు కూడా ఫోన్ తీస్తారు.

అన్నిటికన్నా విచిత్రమైన విషయం ఇంకోటుంది. ఎలుగుబంటి మనిషి బియోర్న్ ఇంటికి 15 మంది అతిథులు ఒక్కసారిగా వెళ్తే తలుపు తియ్యడు. అందుకని నవలలో గాండాల్ఫ్ ఒక ఉపాయం చేస్తాడు. తమ ప్రయాణం కథగా చెప్పడం మొదలుపెడతాడు. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు ఇద్దరు మరుగుజ్జులు గుమ్మంలో ప్రత్యక్షమవుతారు. ఇంకాస్త చెప్పాక ఇంకో ఇద్దరు. కథ ఏమవుతుందో వినాలన్న ఆత్రుతలో ఇంటాయన విసుక్కుంటూనే అందరినీ రానిస్తాడు. కథ చెప్పి ఇంట్లో చోటు సంపాదించడం! ఇంతకన్నా మజిలీ ఘట్టం ఏముంటుంది? థియేటర్‌కు వచ్చిన 161 నిమిషాల్లో దీనికి చోటు దొరకలేదు, అందరూ ఎలుగుబంటికి భయపడి పరుగెత్తి ఇంట్లో దూరతారు. నిడివి పెంచి తర్వాత విడుదల చేసిన కూర్పులో గానీ ఇది కనిపించదు. ఎనిమిది గంటల సినిమాకు ఐదు నిమిషాల కథకు టైమ్ లేకపోయింది.

ఇలా ఎందుకైందో చూస్తే తప్పంతా ఒక్కరిది కాదు. మొదట ఈ సినిమాకు దర్శకుడు గిల్లెర్మో డెల్ టోరో, అనుకున్నవి రెండు భాగాలు. పనులు ఏళ్ళ తరబడి వెనకబడటంతో 2010లో ఆయన తప్పుకున్నాడు, నిర్మాణంలో ఉన్న జాక్సన్ దర్శకత్వం నెత్తికెత్తుకున్నాడు. 2011 మార్చిలో షూటింగ్ మొదలైంది. సిద్ధం కావడానికి చాలినంత వ్యవధి లేకపోయిందని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. 2012 జులైలో, అంటే మొదటి భాగం విడుదలకు ఐదు నెలల ముందు, రెండు కాదు మూడు అని ప్రకటించారు. రెండు భాగాలకు కొలిచి కత్తిరించిన గుడ్డతో మూడో చొక్కా కుట్టాల్సి వచ్చింది. డబ్బుల పరంగా చూస్తే ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. మొదటి భాగం ఒక్కటే 100 కోట్ల డాలర్లు దాటింది, మిగతా రెండూ ఆ దరిదాపుల్లోకి వచ్చాయి. కానీ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడు భాగాలకూ కలిపి 17 ఆస్కార్లు రాగా, ఏడు నామినేషన్లు తెచ్చుకున్న ‘హాబిట్’ భాగాలకు ఒక్కటీ గెలుపు దక్కలేదు.

దీనికి తోడు వరస తిరగబడింది. పుస్తకాల్లో పిల్లల కథ ముందొచ్చింది, పెద్ద యుద్ధకథ 1954లో మొదలైంది. సినిమాల్లో పెద్ద కథ ముందొచ్చేసింది. దాన్ని చూసిన జనానికి మళ్ళీ అంతటి బరువే కావాలనుకుని, రాబోయే చీకటి ప్రభువు నీడ, పాత సినిమాల్లోని ఎల్ఫు వీరుడు లెగొలాస్, నవలలో ఎప్పుడో చచ్చిపోయినవాడుగా పేరు మాత్రం వినిపించే అజోగ్ అనే ఓర్క్, వీళ్ళందరినీ తెచ్చి చిన్న కథ వీపు మీద ఎక్కించారు. గాడిద మీద ఏనుగు అంబారీ కట్టినట్టయింది.

పుస్తకంలో లేనివి పెట్టారన్నది మాత్రం నేరం కాదు. ‘పాతాళ భైరవి’కి కాశీ మజిలీ కథల్లో ఒకటి ఆధారమంటారు. 1951లో కె.వి. రెడ్డి, పింగళి నాగేంద్రరావు ఆ చిన్న దారప్పోగు పట్టుకుని పూర్తిగా తమదైన బట్ట నేశారు. మూలాన్ని తు.చ. తప్పకుండా తీయలేదని ఈ డెబ్బై ఏళ్ళలో వాళ్ళ మీద ఎవరూ కేసు పెట్టలేదు. అంతెందుకు, టోల్కీన్ కూడా తన పుస్తకాన్ని తనే మార్చుకున్నాడు. మొదటి ముద్రణలో గొల్లమ్, పెట్టుకుంటే మనిషిని మాయం చేసే తన ఉంగరాన్ని పందెంలో ఇవ్వడానికి మనస్ఫూర్తిగానే ఒప్పుకుంటాడు. తర్వాత రాస్తున్న పెద్ద కథకు అది అడ్డం పడటంతో 1951 ముద్రణలో ఆ అధ్యాయాన్ని తిరగరాశాడు. ఇవాళ సినిమాలో మనం చూసి మెచ్చుకునేది ఆ మార్చిన కథే. మార్చితే కథ బాగుపడిందా లేదా అన్నదొక్కటే కొలత.

ఆ కొలత పెట్టి చూస్తే లేక్‌టౌన్ బాగుపడింది. నీళ్ళలో గుంజలు పాతి కట్టిన ఆ చెక్క ఊరు, సందుల్లాంటి కాలవలు, చేపల బుట్టలు, పన్నుల కోసం పీడించే పెద్దమనిషి, ముగ్గురు పిల్లల్ని పెట్టుకుని పడవ నడుపుకునే బార్డ్. నవలలో బార్డ్ ఆఖరి నిమిషంలో ఊడిపడతాడు. ఇక్కడ ఇల్లూ వాకిలీ ఉన్న మనిషిగా ముందే పరిచయమవుతాడు, డ్రాగన్ మీద అతను వేసే బాణానికి విలువొస్తుంది. కొత్తగా అల్లిన ఎల్ఫు వనిత టారియెల్ విషయంలో అలా అనలేం. ఆడపాత్ర దాదాపు లేని కథలో ఒకరిని పెట్టడం మంచి ఆలోచనే. పెట్టాక ఆమెకు ఇచ్చిన పని మాత్రం ఒక మరుగుజ్జుకీ లెగొలాస్‌కీ మధ్య ముక్కోణపు ప్రేమ. మన సినిమాల్లో ఇలాంటివి చాలా చూశాం, అక్కడ కనీసం పాటలైనా ఉంటాయి.

రెండో భాగం చివర ఉన్న మజిలీ మొత్తం ప్రయాణానికే గమ్యం, డ్రాగన్ గుహ. నవలలో ఇక్కడొక చోటుంది. బిల్బో ఒక్కడే సొరంగంలో దిగుతుంటాడు. వేడి పెరుగుతుంది, ఎర్రటి వెలుగు కనిపిస్తుంది, పొయ్యి మీద పెద్ద గుండిగ కుతకుత ఉడుకుతున్నట్టు, దాంతో పాటు ఓ మహా పిల్లి గుర్రుపెడుతున్నట్టు చప్పుడు వినిపిస్తుంది. డ్రాగన్ గురక. అతను ఆగిపోతాడు. అక్కణ్ణుంచి వేసిన అడుగే అతని జీవితంలో అన్నిటికన్నా ధైర్యమైన పని, అసలు యుద్ధం ఎవరూ చూడని ఆ సొరంగంలోనే జరిగిపోయింది అంటాడు రచయిత. ఎవరూ చూడనిదాన్ని కెమెరాకు చూపించడం కష్టమే. అందుకే కాబోలు సినిమా బిల్బో ధైర్యాన్ని మొదటి భాగం చివర్లోనే కత్తిచ్చి ఓర్క్ మీదికి దూకించి నిరూపించేసింది. నిరూపణ అయింది గానీ, సొరంగానికి ఏమీ మిగల్లేదు.

సొరంగంలో పోయింది గుహలో కొంత తిరిగొచ్చింది. బంగారం గుట్టల కింద నుంచి స్మాగ్ అనే ఆ డ్రాగన్ కన్ను తెరుచుకోవడం, కనిపించని దొంగను వాసనతో వెతకడం, ఆ కంఠం. బెనెడిక్ట్ కంబర్‌బాచ్ డ్రాగన్‌కు గొంతు ఇవ్వడంతో ఆగకుండా, నేల మీద పాకి దాని కదలికలూ నటించాడు. బిల్బో చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, పొగడ్త. ప్రభువులంటాడు, మహా ఘనులంటాడు, మీ గురించి చెప్పిన కథలు మీ ముందు దిగదుడుపే అంటాడు. డ్రాగన్ మునగ చెట్టు ఎక్కుతూనే ఉంటుంది, ఎక్కుతూనే వీడి అంతు చూడాలనీ అనుకుంటుంది. పెద్ద మనిషి దగ్గర పని పడినప్పుడు ఎంత పొగడాలో, ఎక్కడ ఆపాలో తెలియాలి. ఆ విద్య తెలిసినవాళ్ళకు ఈ పది నిమిషాలు కన్నార్పనివ్వవు. ఆ వెంటనే మరుగుజ్జులు కొలిమి రాజేసి, కరిగిన బంగారంతో విగ్రహం పోతపోసి డ్రాగన్‌ను ముంచాలని చూసే మరో పరుగు మొదలవుతుంది. అది నవలలో లేదు. ఇక్కడ లేచి టీ పెట్టుకోవచ్చు.

స్మాగ్ ఊరి మీదికి ఎగరగానే రెండో భాగం ఆగిపోతుంది. థియేటర్లో చూసినవాళ్ళు జవాబు కోసం ఏడాది కాచుకున్నారు. తీరా మూడో భాగం మొదలైన పావుగంటలోపే డ్రాగన్ చనిపోతుంది. ఇంట్లో చూసేవాళ్ళకు ఈ బాధ లేదు. మూడో భాగం వెంటనే పెట్టి ఆ పావుగంటా చూసేస్తే రెండో భాగానికి సరైన ముగింపు దొరుకుతుంది. మండే ఊళ్ళో బాణం ఆనించడానికి కొడుకు భుజమే ఆసరాగా బార్డ్ గురిపెట్టే దృశ్యం మాత్రం వదులుకోకూడనిది.

ఆ తర్వాత వచ్చే యుద్ధం సుమారు ముప్పావు గంట. నవలలో బిల్బోకి తల మీద రాయి తగిలి స్పృహ పోతుంది, లేచేసరికి యుద్ధం అయిపోతుంది. పిల్లల కథ చెప్పే తాతలు యుద్ధాన్ని అలాగే దాటిస్తారు. సినిమాలో అన్ని పక్కల సైన్యాలూ దిగి, కంప్యూటర్లో పుట్టి కంప్యూటర్లోనే చస్తాయి. పాత మూడు సినిమాల్లో మేకప్ వేసుకుని, చెమట పట్టి, దుమ్ము కొట్టుకున్న ఓర్క్‌లుండేవారు. ఇక్కడ అజోగ్ అనే ముఖ్య శత్రువు కూడా వేషం కట్టిన మనిషిలా కనిపించడు, బొమ్మే. కూలిపోతున్న వంతెన రాళ్ళను లెగొలాస్ మెట్లలా ఎక్కే చోట పల్లెటూరి తాతలు కూడా ‘ఇదెక్కడి చోద్యంరా’ అంటారు. మన హీరోలు చేస్తే ఒప్పుకునే తాతలే.

యుద్ధం చివర మరుగుజ్జుల రాజు థోరిన్ చనిపోతూ బిల్బోతో మాట్లాడే మాటలున్నాయి. బంగారం పిచ్చిలో స్నేహితుణ్నే కొండ మీంచి తోసెయ్యబోయిన మనిషి ఆఖరి నిమిషంలో తేరుకుంటాడు. నవలలో అతను చెప్పేదేమంటే, దాచిన బంగారం కన్నా తిండినీ సరదానూ పాటనూ ఎక్కువగా చూసుకునేవాళ్ళు ఇంకొంతమంది ఉంటే లోకం ఇంకాస్త సంతోషంగా ఉండేదని. సినిమాలో ఆ జాబితా పోయి ‘ఇల్లు’ అన్న ఒక్క మాట మిగిలింది. బంగారం కన్నా ఇల్లు మిన్న అంటాడు. మాట గంభీరంగా ఉంది, రిచర్డ్ ఆర్మిటేజ్ చెప్పిన తీరూ బాగుంది. అయినా తిండి మాట కొట్టెయ్యడం దగ్గరే ఈ సినిమా దారి తప్పిందంతా కనిపిస్తుంది. మొదటి రాత్రి బిల్బో ఇంట్లో వీళ్ళు ఖాళీ చేసిన పళ్ళేలు, కడుగుతూ పాడిన పాట, అవన్నీ ఆ చివరి మాటలో తిరిగి రావాలి. పూతరేకుల ఊరున్న జిల్లాలో ఈ లోటు ఇంకాస్త ఎక్కువ తెలుస్తుంది.

చూడటానికి కూర్చునేవాళ్ళకు ఒకటి రెండు విషయాలు. మామూలు సినిమాకు సెకనుకు 24 ఫ్రేములైతే దీన్ని 48తో తీశారు. ఆ సదుపాయం ఉన్న థియేటర్లలో బొమ్మ మరీ స్పష్టంగా ఉండి, గుహ సెట్టులానూ గడ్డం అతికించిన గడ్డంలానూ కనిపించిందని చాలామంది గొణిగారు. ఇంట్లో వచ్చేది 24 ఫ్రేములదే కాబట్టి ఆ గొడవ లేదు. కొత్త టీవీల్లో కదలికను నున్నగా చూపించే సెట్టింగ్ ఒకటుంటుంది, అది ఆన్‌లో ఉంటే మళ్ళీ అదే సీరియల్ వాలకం వస్తుంది. ముందే ఆపేసుకోవడం మంచిది. మూడు భాగాలకూ అమెరికాలో 13 ఏళ్ళలోపు పిల్లల విషయంలో జాగ్రత్త అన్న రేటింగే వచ్చింది. నిడివి పెంచిన మూడో భాగానికి మాత్రం హింస వల్ల పెద్దల రేటింగ్ పడింది. సాలీళ్ళంటే భయపడే చిన్నపిల్లలుంటే రెండో భాగంలో అడవి ఘట్టాన్ని పగలు చూపించడం నయం.

పాత మూడు సినిమాలూ చూడనివాళ్ళు ‘హాబిట్’తో మొదలుపెట్టకపోవడమే మేలు. కథలో ఇది ముందే అయినా, సగం పాత్రలు పాత పరిచయం మీద ఆధారపడి తెర మీదికొస్తాయి. సినిమా జోలికే పోకుండా పదేళ్ళ పిల్లలకు నవల చదివి వినిపించాలనుకుంటే పదకొండు గంటల పని. రాత్రికో అధ్యాయం అనుకుంటే మూడు వారాల్లోపే పూర్తవుతుంది. ఆ పుస్తకం అచ్చుకు వెళ్ళే ముందు ప్రచురణకర్త పదేళ్ళ కొడుకే చదివి బాగుందన్నాడు, ఆ అభిప్రాయానికి ఒక షిల్లింగ్ కూలి కూడా ముట్టింది.

ఎనిమిది గంటల్లో ఎంత తీసుకోవాలంటే, మొదటి భాగం దాదాపు మొత్తం, రెండో భాగంలో లేక్‌టౌన్ దగ్గర నుంచి స్మాగ్ సంభాషణ దాకా, మూడో భాగంలో మొదటి పావుగంటా చివరి అరగంటా. ఐదు గంటల లోపు తేలిపోతుంది. అభిమానులు కొందరు మూడింటినీ కత్తిరించి నాలుగు గంటల సినిమాగా కుదించుకున్నారు కూడా, అంటే ఈ లెక్క వేసుకున్నవాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు.

చివరి అరగంట ఎందుకంటే, ఆఖరి మజిలీ అందులో ఉంది. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే అని మనకొక సామెత. బిల్బో ఊరివాళ్ళూ అలాగే అనుకున్నారు. ఏడాది పైన అయింది, మనిషి లేడు, పోయే ఉంటాడని ఇంటి ముందు వేలంపాట పెట్టేశారు. అతను తిరిగొచ్చేసరికి కుర్చీలూ బల్లలూ చేతులు మారుతున్నాయి. నవలలో తన సామాన్లు తనే మళ్ళీ డబ్బిచ్చి కొనుక్కుంటాడు. వెండి చెంచాలు మాత్రం ఎప్పటికీ దొరకవు, ఎవరు పట్టుకుపోయారో అనుమానం ఉన్నా అడగలేడు. సినిమాలో వేలం పాడించేవాడు, నువ్వే బిల్బోవని రుజువేంటని అడుగుతాడు. ప్రయాణానికి ముందు మరుగుజ్జులతో రాసుకున్న ఒప్పందం కాగితం తీసి చూపిస్తాడు. కింద థోరిన్ సంతకం. ‘ఎవరీ థోరిన్?’ అంటాడు వాడు కాగితంలోంచి తలెత్తకుండానే. బిల్బో వెంటనే చెప్పలేడు. చుట్టూ జనం, చేతుల్లో అతని గిన్నెలూ కుర్చీలూ. కాసేపటికి, ఆయన నా స్నేహితుడు అంటాడు. రిమోట్ ఎవరి చేతిలో ఉన్నా ఇక్కడ ముందుకు జరపకూడదు.